చెరువు తాత

ఆగస్టు 3, ఆదివారం

దీపిక కుప్పం హాస్టల్ నుంచి వాట్సాప్‌లో స్టిక్కర్ ఒకటి పంపింది. "ఈ పొద్దు కూడా మెస్సులో బీరకాయే" అని రాసి, కింద ఒక ముసలాయన బొమ్మ. పగుళ్ళిచ్చిన నేల మీద మోకాళ్ళూని, చేతిలో చచ్చిన చేప పట్టుకుని, నోరు తెరిచి ఏడుస్తున్నాడు. కన్నీళ్ళు ఇంకా బాగా కనిపించాలని ఎవరో నీలం రంగు దిద్దారు.

అది మా నాయన.

నవ్వుతున్న ముఖం ఒకటి తిరిగి పంపాను. ఏదో ఒకటి పంపకపోతే నా కూతురు ఫోన్ చేస్తుంది.

ఆగస్టు 4

ల్యాబ్‌లో జ్వరాల రద్దీ. పొద్దున్నుంచి సూది పట్టుకుని నిలబడే ఉన్నాను. రాయడానికేం లేదు.

ఆగస్టు 5, మంగళవారం

ఆ బొమ్మ ఎక్కడిదని దీపికను మామూలుగా అడిగినట్టే అడిగాను. "చెరువు తాత అమ్మా! ఫేమస్సు. మేఘయంత్రం అని పాత సినిమా. యూట్యూబ్‌లో ఉండాది, సూడు" అంది.

మధ్యాహ్నం ల్యాబ్ వెనక గదిలో టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని చూశాను. ముప్పై ఏళ్ళ క్రితం ఆ సినిమా ఎక్కడా వారం ఆడలేదు. నాయన చూడలేదు. మేమెవరమూ చూడలేదు. ఇప్పుడెవరో పాత క్యాసెట్ నుంచి ఎక్కించారు. బొమ్మ మసకగా, పక్కకు జరుగుతూ ఉంది.

కథ 2050లో. వానలు ఆగిపోయి చాలా కాలమైంది. జనం గాజు గుడారాల కింద బతుకుతూ, బిళ్ళలు ఇచ్చి నీళ్ళు కొనుక్కుంటారు. ఒక శాస్త్రవేత్త మేఘాల్ని పుట్టించే యంత్రం కనిపెడతాడు. ఆ యంత్రమే లోకంలో మిగిలిన చివరి చెరువును తాగేస్తుంది. ఆ చివరి చెరువు మా ఊరి చెరువు. నల్లగుట్టపల్లె, పుంగనూరుకు దగ్గర.

నాయన రెండు నిమిషాలు కూడా ఉండడు.

కింద జనం రాసినవన్నీ చదివాను. భోజనం ముట్టలేదు.

"2025లో చూస్తున్నవాళ్ళు ఒక లైక్ వేసుకోండి."

"బెంగళూరులో ట్యాంకర్ కోసం లైన్లో నిలబడి చూస్తున్నా. దర్శకుడికి పాదాభివందనం."

"హీరో పెట్టుకున్నది మా మామ స్కూటర్ హెల్మెట్టే. వెండి రంగు పూశారు, అంతే."

"కాలం కంటే ముందు తీసిన సినిమా. మన జనానికి అప్పుడు బుర్ర లేదు."

"రాకెట్‌కు కట్టిన దారం కనిపిస్తోంది బ్రో."

"చెరువు తాత ఒక్కడే నటించాడు. మిగతావాళ్ళు పాఠం అప్పజెప్పారు."

"ఓవర్ యాక్షన్. చేప చస్తే ఇంత ఏడుపా?"

"గ్లిజరిన్ ఎక్కువైంది తాతకు."

గ్లిజరిన్.

ఇంకో సంగతి. ఆయన తాత కాదు. అప్పటికి నలభై దాటి ఒకటో రెండో ఏళ్ళు. ఇప్పుడు నేను ఆయనకంటే పెద్దదాన్ని.

ఆగస్టు 7, గురువారం

నాకేం కోపం లేదు. చూసేవాళ్ళకు ఏం తెలుస్తుంది? తెలిసిందంతా ఒకసారి రాసుకుంటే మనసు తేలిక పడుతుందని రాస్తున్నాను.

నాయన నీరుగంటి. చెరువు తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంతసేపు నీళ్ళు వదలాలో చూసుకునే పని. మా తాత చేశాడు, ఆయన చేశాడు. ఆ ఏడు వానలు బాగా పడి చెరువు నిండింది. ఆయకట్టులో రెండో పంట నాట్లు పడ్డాయి. అప్పుడే మద్రాసు నుంచి సినిమావాళ్ళు జీపుల్లో వచ్చారు. గుట్ట, కట్ట, చెరువు అన్నీ దర్శకుడికి నచ్చాయి. చెరువులో నీళ్ళుండటం ఒక్కటే నచ్చలేదు. ఆయనకు ఎండిన చెరువు కావాలి.

అప్పటి పంచాయతీ ప్రెసిడెంటు కృష్ణప్ప మా ఇంటికొచ్చాడు. నేను వాకిట్లో సెనక్కాయలు ఒలుస్తున్నాను. "కదిరప్పా, తూము ఎత్తేయ్. సినిమావాళ్ళు పూడిక తీయిస్తారంట, కట్టకు రాయి కట్టిస్తారంట. వచ్చే వానకు ఇంతకింత నిండుతుంది" అన్నాడు. నాయన "నాట్లు ఉండాయి గదప్పా" అన్నాడు. "నేను సూసుకుంటా, నువ్వు ఎత్తు" అన్నాడు కృష్ణప్ప. నాయన ఎత్తాడు.

నీళ్ళన్నీ వంకలో పడి పోయాయి. ఎండలు ముదిరాక మట్టి పగిలింది. నడిమధ్య గుంటలో కాస్త మడుగు మిగిలి, చెరువులోని చేపలన్నీ అందులో చేరాయి. ఎవరూ పట్టుకోకుండా సినిమావాళ్ళు కాపలా పెట్టారు. అవి కెమెరా ముందు చావాలి.

మడుగు ఇంకిన పొద్దున నాయన కట్ట దిగి వెళ్ళాడు. వెనకాలే నేనూ వెళ్ళాను. ఆయన ఒక చేపను చేతిలోకి తీసుకుని కూలబడ్డాడు. ఆ ఏడుపును ఎవరో ఫిల్ము మీదికి ఎక్కించుకున్నారు. జరిగింది అంతే. నటన లేదు, గ్లిజరిన్ లేదు.

పూడిక తీయలేదు. రాయి కట్టలేదు. తర్వాత రెండేళ్ళు వాన లేదు. నాట్లు ఎండినవాళ్ళు నిలదీస్తే కృష్ణప్ప రచ్చబండ మీద కూర్చుని "నన్నడగలేదప్పా, కదిరప్పే ఎత్తేసినాడు" అన్నాడు. నాయన అక్కడే నిలబడి ఉన్నాడు. నాయనకు ఎదురు మాట రాదు.

ఊళ్ళో మాకు నిప్పు ఇచ్చేవాళ్ళు కూడా లేకపోయారు. మదనపల్లెకు వచ్చేశాం. నాయన టమాటా మార్కెట్లో మూటలు మోశాడు. నాలుగేళ్ళకు ఒక పొద్దున ఖాళీ క్రేట్ల మధ్య గుండె పట్టుకుని పడిపోయాడు.

రాశాను. తేలిక పడలేదు.

ఆగస్టు 9, శనివారం

ఆ వీడియో కింద రాశాను. మొదటిసారి ఇలాంటి పని. "ఇది సెట్ కాదు. కరువూ కాదు. నిండిన చెరువును ఈ సినిమా కోసం ఖాళీ చేశారు. కింద పొలాలు ఎండిపోయాయి. ఏడుస్తున్నది నటుడు కాదు, ఆ చెరువు నీరుగంటి" అని రాశాను. నా కూతురు చూస్తుందని పేరు పెట్టలేదు.

సాయంత్రానికి జవాబులు.

"ప్రూఫ్ ఉందా?"

"ప్రతి పాత సినిమా కింద ఇలాంటి కథలు రాసేవాళ్ళు ఒకరుంటారు."

"1994లో మీరు అక్కడే ఉన్నారా ఆంటీ?" నేను ఆంటీనని వాడికెలా తెలిసిందో.

ఇంకొకడు మర్యాదగానే రాశాడు. "నిజమే అనుకుందాం. ఇంత గొప్ప సినిమా వచ్చింది కదండీ. నీటి విలువ లక్షల మందికి తెలిసింది. దానికోసం ఒక చెరువు పోతే పోయింది."

దానికి బోలెడు లైకులు.

ఆగస్టు 10

అమ్మ నా గదిలోకి వచ్చి "ఎప్పుడు సూసినా ఫోనేనా?" అంది. బోర్లా పెట్టేశాను. నాయన ఫొటో మా దగ్గర ఒక్కటీ లేదు. అయినా అమ్మకు ఇది చూపించను. చూపిస్తే తట్టుకోలేదు.

ఆగస్టు 12, మంగళవారం

దీపిక ఫోన్. గొంతులో సంబరం. వాళ్ళ కాలేజీ సినిమా క్లబ్బు మేఘయంత్రం వేస్తోందట, ఇరవై మూడో తేదీ. దర్శకుడు వరదరాజులు స్వయంగా వస్తున్నాడట. స్టేజీ మీద ఆయన్ని ప్రశ్నలడిగేది దీపికే.

"సినిమా సూసినావా అమ్మా? ఎట్లుండాది?"

"తీరలేదే."

"సూడమ్మా. పర్యావరణం గురించి అప్పట్లోనే ఎంత ఆలోచించినాడో ఆయప్ప! నాకు ఏడుపొచ్చేసింది."

"ఏ సీన్లో?"

"క్లైమాక్సులో. మేఘం దిగొస్తుంది సూడు, ఆడ. చెరువు తాత సీన్లో మాత్రం మేమందరం నవ్వుతాం. అది మీమ్ అయిపోయిండాది గదా, ఏం చేస్తాం."

దాని సంబరం ఎందుకు చెడగొట్టాలని ఊరుకున్నాను. అంతే తప్ప భయపడి కాదు.

ఆగస్టు 13

మా ఆయన గణేష్‌కు చెప్పాను. ఆయన డ్రిప్ పైపుల షాపు మూసి వచ్చి అన్నం తింటున్నాడు. "ముప్పై ఏండ్ల నాటిది, ఇప్పుడు తవ్వి ఏం చేస్తావు మాధవీ?" అన్నాడు. మజ్జిగ అడిగాడు. పోశాను.

ఆగస్టు 17, ఆదివారం

ప్రూఫ్ కావాలన్నారు కదా. పుంగనూరు వెళ్ళాను.

హనీఫ్ మామ అప్పుడు సినిమావాళ్ళకు జనరేటరు, మైకులు అద్దెకిచ్చాడు. షూటింగు జరిగినన్నాళ్ళూ చెరువులోనే ఉన్నాడు. నాయనకు స్నేహితుడు. మేం ఊరు విడిచినప్పుడు సామాను తన వ్యానులో మదనపల్లెకు చేర్చింది ఆయనే. బస్టాండు వెనక సందులో మైక్‌సెట్ షాపు ఇంకా ఉంది. కొడుకు నడుపుతున్నాడు, ఈయన ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. వీడియో చూపించాను. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"యా అల్లా, కదిరప్ప. అచ్చం ఉండాడే."

"మామా, కుప్పంలో ఆ దర్శకుడు వస్తాండాడు. నువ్వొచ్చి జరిగింది చెప్పల్ల. నేను కూతుర్ని, నేను చెప్తే నమ్మరు, నువ్వు చెప్తే నమ్ముతారు."

"తూము సంగతా? చెప్తా, దాందేముంది. నా కండ్లతో సూసినా." ఫోన్ వైపు ఇంకోసారి చూశాడు. "ఇంకేం చెప్పమంటావు బేటీ?"

"ఆయన నిజంగా ఏడుస్తాంటే, అడగకుండా చెయ్యకుండా ఫిల్ము తీసుకున్నారని."

హనీఫ్ మామ ఫోన్ నాకు తిరిగిచ్చేశాడు.

"అట్ల కాదు బేటీ."

"ఎట్ల కాదు?"

"నువ్వు సూసింది మొదటిది. అప్పుడు కెమెరాలో ఫిల్ము చిక్కుకునింది, రాలేదు. నిన్ను మీ అమ్మ వచ్చి ఇంటికి తీసకపోయింది. ఆమీట ఆ డైరెక్టరు మీ నాయన భుజం మీద చెయ్యేసి, ఇంగోసారి అట్లే ఏడవాల కదిరప్పా అన్నాడు. మల్లా కట్ట దిగి రా, ఈడ కూర్చో, చేప ఇట్ల పట్టుకో, మొగం ఇటు తిప్పు అని సూపించినాడు. సినిమాలో ఉండేది అదే. రెండోది."

"నాయన చేసినాడా?"

"చేసినాడు."

"యాల?"

"అడిగినారు, చేసినాడు. మీ నాయనకు కాదనడం యాడ వచ్చు?"

హనీఫ్ మామ చాయ్ తెప్పించాడు. కుప్పం రానన్నాడు. మోకాళ్ళ నొప్పులట, బస్సులో కూర్చోలేడట. నొప్పులు నిజమే. అది ఒక్కటే కారణం కాదు, నాకు తెలుసు. నల్లగుట్టపల్లెలో పెళ్ళిళ్ళకు, జాతరలకు ఇప్పటికీ ఈ షాపు మైకే పోతుంది.

ఆగస్టు 18

రెండోది.

అయితే అది నటనేనని రాసినవాళ్ళు అబద్ధం రాయలేదు.

ఆగస్టు 20, బుధవారం

అమ్మ చూసేసింది.

గణేష్ సోఫాలో కూర్చుని ఆ వీడియో పెట్టుకున్నాడు. తన మామ ఎలా ఉంటాడో చూద్దామనుకున్నాడట. ఆయనెప్పుడూ నాయనను చూడలేదు. అమ్మ వెనక నుంచి పోతూ ఆగిపోయింది.

నేను ల్యాబ్ నుంచి వచ్చేసరికి అమ్మ నేల మీద కూర్చుని ఉంది, ఫోన్ ఒళ్ళో ఉంది. ఏడుస్తుందనుకున్నాను. ముఖం వెలిగిపోతోంది.

"సూడు పాపా, మీ నాయన ఎట్ల నడస్తాండాడో. ఆ ఎడం కాలు సూడు, అట్లే ఈడ్చేవాడు. ఆ చొక్కా తిరునాళ్ళలో తీసిచ్చింది నేను. మల్లా పెట్టు."

పెట్టాను. నాయన ముఖం దగ్గరగా రాగానే అమ్మ వేలితో ముట్టుకుంటుంది. ముట్టుకోగానే బొమ్మ ఆగిపోతుంది. "యాల ఆగిపోయింది? మల్లా పెట్టు." మళ్ళీ పెడతాను. మళ్ళీ ముట్టుకుంటుంది.

నాకు ఒళ్ళు మండింది. "అమ్మా, అది ఏడవమంటే ఏడ్చిన ఏడుపు. హనీఫ్ మామ చెప్పినాడు" అన్నాను.

"నాకు తెలుసు" అంది.

"తెలుసా?"

"ఆ పొద్దే చెప్పినాడు. 'రెండోతూరి ఏడుపు రాలేదు రత్నా, ఎంతసేపటికీ రాలేదు. అందరూ సూస్తాండారు. మన చెరువు కింద నాట్లు తలుచుకున్నా, వచ్చేసింది' అన్నాడు." అమ్మ ఫోన్ నా ముందుకు తోసింది. "బాగానే చేసినాడు గదా. మల్లా పెట్టు."

అమ్మ కూడా కుప్పం వస్తుందట. పెద్ద తెర మీద చూస్తుందట. వద్దంటే వినలేదు.

ఆగస్టు 23, శనివారం

పొద్దున బయలుదేరి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం చేరాం. అమ్మ పట్టుచీర కట్టుకుంది. దారంతా కిటికీ లోంచి ఏ చెరువు కనిపించినా "నీళ్ళుండాయి", "లేవు", "సగముండాయి" అంటూనే ఉంది.

దీపిక హాలు గుమ్మంలో ఎదురొచ్చి వాళ్ళ అవ్వను కావిలించుకుంది. "అవ్వా! నువ్వు కూడా వచ్చినావా సైన్సు ఫిక్షన్ సూడ్డానికి!" స్నేహితులకు చూపించింది. అమ్మ నా వైపు చూసింది. చెప్పొద్దని తల ఊపాను. సినిమా అయ్యాక నేనే చెబుతాననుకున్నాను.

హాలు నిండింది. పిల్లలు రాకెట్‌కు నవ్వారు, హెల్మెట్లకు నవ్వారు, విలన్ తెల్ల గౌనుకు నవ్వారు. నీళ్ళ కోసం జనం బిళ్ళలు పట్టుకుని కొట్టుకునే చోట మాత్రం అందరూ నిశ్శబ్దమైపోయారు. సినిమా మంచిదే. ఆ మాట రాయాలంటే చెయ్యి రావడం లేదు, కానీ మంచిదే.

నాయన కట్ట దిగుతున్నప్పుడే ఈలలు మొదలయ్యాయి. "చెరువు తాతా! చెరువు తాతా!" అని చప్పట్లతో తాళం వేశారు. నాయన నోరు తెరిచి ఏడుస్తుంటే హాలంతా ఆయనతో కలిసి ఏడుపు తీసింది, వెక్కిరింతగా, ఒకే గొంతుతో. ముందు వరసలో దీపిక కూడా.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మీ నాయనకేనా ఈలలు?"

"అవును."

"ఇంతమందా!" అంది.

సినిమా అయ్యాక వరదరాజులు వేదిక ఎక్కాడు. తెల్ల గడ్డం, తెల్ల లాల్చీ, నెమ్మదైన గొంతు. శాలువా కప్పారు. మైకు పట్టుకుని దీపిక అడిగింది, "సార్, ఆ చెరువు సీన్ ఈరోజుకీ అంత సహజంగా ఉంది. సెట్టా? అంత పెద్ద సెట్ ఎలా వేశారు?"

ఆయన నవ్వాడు. "సెట్ కాదమ్మా. ప్రకృతి మాకు సహకరించింది. ఆ సంవత్సరం ఈ ప్రాంతమంతా కరువు. మేం వెళ్ళేసరికే చెరువు ఎండిపోయి ఉంది. ఆ నేలతల్లి బాధను నేను కెమెరాలో పట్టుకున్నాను, అంతే."

నేను లేచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఆ ఏడు కరువు లేదండీ. చెరువు నిండుగా ఉండింది. మీకోసం తూము ఎత్తి నీళ్ళన్నీ వంకలో వదిలేసినారు. కింద నాట్లు ఎండిపోయినాయి. ఎత్తినవాడు మా నాయన. మీరు రెండోసారి ఏడవమంటే ఏడ్చిందీ మా నాయనే."

మైకు లేదు. ముందు వరసలకు వినిపించింది. వెనకవాళ్ళు "ఏమంట? ఏమంట?" అనుకున్నారు. దీపిక మైకు కిందికి దించింది. వరదరాజులు నన్ను చూశాడు. ఆయన కళ్ళల్లో ఏదో కదిలింది. గుర్తొచ్చిందనే నేను నమ్ముతున్నాను. ఆ తర్వాత ఆయన రెండు చేతులూ పైకెత్తాడు.

"మిత్రులారా! ఆ మహానటుడి కుమార్తె మన మధ్య ఉన్నారు! పక్కన ఉన్నది ఆయన శ్రీమతిగారా? అమ్మా, దయచేసి వేదిక మీదికి రండి!"

హాలు పగిలిపోయింది. పిల్లలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇద్దరు అమ్మాయిలు వచ్చి అమ్మను చెరోవైపు పట్టుకుని తీసుకెళ్ళారు. వరదరాజులు తన మెడలోని శాలువా తీసి అమ్మకు కప్పాడు, వంగి కాళ్ళకు దండం పెట్టాడు. ఫోన్లన్నీ లేచాయి. నేను ఇంకా ఏదో అంటూనే ఉన్నాను. నాకే వినిపించలేదు.

అమ్మ నవ్వుతూ చేతులు జోడించింది. ఆ నవ్వును ఎప్పటికీ క్షమించననుకున్నాను, అక్కడ నిలబడి.

బస్టాండు దాకా దీపిక మాతో నడిచింది. అమ్మను బెంచీ మీద కూర్చోబెట్టాక నా వైపు తిరిగింది.

"నిజమేనా?"

"నిజమే."

"నాకు యాల చెప్పలే? ఇన్ని దినాలుగా మా తాత మొగాన్ని అందరికీ పంపిస్తాండా. పొద్దున కూడా పంపినా. నేను కూడా ఈలేసినానమ్మా!"

"నీ సంబరం చెడగొట్టకూడదని..."

"నా సంబరమా? లేకుంటే తూము ఎత్తినోడి మనవరాలని నాకు తెలియకూడదనా?"

బస్సు వచ్చింది. దీపిక అవ్వను ఎక్కించి, నాతో మాట్లాడకుండానే వెళ్ళిపోయింది.

ఆగస్టు 26

క్లబ్బువాళ్ళు శాలువా వీడియో పెట్టారు. నేను మాట్లాడింది కోసేశారు.

"అవ్వ సూపర్."

"డైరెక్టర్ గారి సంస్కారానికి దండం."

"మొదట్లో ఒక ఆంటీ అరుస్తోంది, ఎవరు? మంచి ఫంక్షన్ చెడగొట్టబోయింది."

ఆగస్టు 27, వినాయక చవితి

దీపిక ఇంటికొచ్చింది. కుడుముల పిండి కలుపుతూ వాళ్ళ అవ్వను అన్నీ అడిగి తెలుసుకుంది. నాతో ఒకటే మాట చెప్పింది. క్లబ్బు పేజీలో చెరువు సంగతి రాస్తే తీసేశారట. మళ్ళీ రాసిందట, మళ్ళీ తీసేశారట. ఇలాగైతే రేపు పెద్దవాళ్ళెవరూ మన కాలేజీకి రారని సీనియర్లు అన్నారట. క్లబ్బులోంచి తప్పుకుంది.

"మంచిపని చేసినావు" అన్నాను.

"నువ్వు చెప్పినావని కాదు" అంది.

ఆగస్టు 31, ఆదివారం

అమ్మ "ఊరికి తీసకపో" అంది. ముప్పై ఏళ్ళుగా ఆ ఊరి పేరు ఎత్తని మనిషి. ఎందుకని అడిగితే "ఆ బొమ్మ ఆడ సూపించల్ల" అంది. పుంగనూరులో ఆటో మాట్లాడుకుని నల్లగుట్టపల్లె వెళ్ళాం.

చెరువు నిండా సర్కారు తుమ్మ. మధ్యలో కాస్త వాననీళ్ళు, అందులో రెండు బర్రెలు. కట్ట అంచు దాకా బోర్లు వేశారు. అమ్మ కట్ట మీద ఆగలేదు. చెరువు వైపు కూడా చూడలేదు. నేరుగా కృష్ణప్ప ఇంటికి నడిచింది.

కృష్ణప్ప వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. బాగా వడలిపోయాడు. చెవుడు. కోడలు మమ్మల్ని గుర్తుపట్టలేదు. కుర్చీలు వేసి కాఫీ పెడతానని లోపలికి వెళ్ళింది.

"ఎవరమ్మా మీరు?"

"కదిరప్ప పెండ్లాన్ని" అంది అమ్మ, గట్టిగా.

"ఏ కదిరప్ప?"

"నీరుగంటి కదిరప్ప."

ఆయన కాసేపు వెతుక్కున్నాడు. తర్వాత ముఖం తేటపడింది. "ఓ, తూము ఎత్తేసినోడు!"

తిట్టినట్టు కూడా అనలేదు. ఊరిపేరు చెప్పినట్టు అన్నాడు. నేను లేవబోయాను. అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది.

"ఇది సూడప్పా. ఆ సినిమా ఇప్పుడు ఫోన్లో వస్తాంది" అని నా చేత వీడియో పెట్టించింది.

కృష్ణప్ప ఫోన్‌ను ముఖానికి దగ్గరగా పట్టుకున్నాడు. నాయన కట్ట దిగాడు. చేప తీసుకున్నాడు. ఏడ్చాడు. కృష్ణప్ప రెప్ప వేయకుండా చూశాడు. అయిపోయాక మళ్ళీ పెట్టమన్నాడు. ఈసారి వేలితో తెర మీద ఎడమ మూల చూపిస్తూ ఏదో వెతికాడు. మూడోసారి కూడా పెట్టించుకున్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూసి, తప్పు ఒప్పుకుంటాడని ఆశపడ్డాను. ఆ మాట ఆయన నోట వినడానికి నాయన బతికి లేడే అనుకున్నాను.

"నేను యాడ?" అన్నాడు కృష్ణప్ప.

"ఏందప్పా?"

"నేను కూడా ఉండల్ల గదా. ఆ కట్టమీదే నిలబడినా, తెల్ల చొక్కా యేసుకోని. నువ్వు కూడా పడతావు అన్నాడు ఆ డైరెక్టరు. నన్ను కోసేసినారా ఏంది?" తెర మూలను మళ్ళీ వేలితో తడిమాడు. "సినిమా వచ్చినప్పుడు కూడా ఇట్లే, నేను కనపడలా."

అమ్మ ఫోన్ ఆయన చేతిలోంచి తీసుకుంది. చెవి దగ్గరికి వంగింది. ఇంట్లోవాళ్ళకు, వీధిలో పోయేవాళ్ళకు వినపడేంత గట్టిగా చెప్పింది.

"ఉండావు కృష్ణప్పా. ఎత్తమన్నోడివి నువ్వు. నువ్వు నా వాకిట్లో నిలబడి ఎత్తమంటే ఆయప్ప ఎత్తినాడు. ఆయప్ప ఏడ్చింది లోకమంతా సూస్తాంది. ఎత్తమన్నోడు యాడ కనపడతాడు?"

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఎదురింటి అరుగు మీద ఇద్దరు ఆడవాళ్ళు ఇటు తిరిగారు. కృష్ణప్పకు వినపడలేదో, వినపడే ఊరుకున్నాడో నాకు తెలియదు. మళ్ళీ ఫోన్ కోసం చెయ్యి చాచాడు. అమ్మ ఇవ్వలేదు.

కోడలు కాఫీ గ్లాసులు తెచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా మా ముందు పెట్టింది. అమ్మ గ్లాసు తీసుకుని, ఊదుకుంటూ, తొందరపడకుండా మొత్తం తాగింది. నేను నాది అక్కడే వదిలేసి లేచాను.